ఇడ్లీ మీద కోపం లేదు, బల్ల మీద జాగ కావాలె

(హైదరాబాద్‌ల ఉద్యోగులు, విద్యార్థులు కలిసి పెట్టుకున్న సభల చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ల గురించి, నిధుల గురించి, కొలువుల గురించి ఇసొంటి వేదికల మీద ఎన్నో ఏండ్లు మాట్లాడుకున్నం. ఇయ్యాల నాకు ఇచ్చిన అంశం హోటల్. హైదరాబాద్‌ల బయట తినుడు. ఆ మాట చెప్పంగనే ముందు వరుసల కొందరు తమ్ములు నవ్విన్రు. నవ్వుకోండ్రి, తప్పు లేదు. కానీ ఒక్క ముచ్చట యాది చేస్త. ఈ నగరంల స్థానికుల హక్కు కోసం లేసిన తొలి నినాదాలల్ల ఒకటి తిండి పేరు మీదనే పుట్టింది.

అది 1952. పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాష్ట్రానికి బయటి అధికారులు వచ్చిన్రు. వాల్ల ఎనుక దొంగ ముల్కీ సర్టిఫికెట్లతోని కొలువులకు వచ్చినోల్లు వచ్చిన్రు. ఇక్కడ సదువుకున్న పోరగాండ్లు రోడ్డెక్కిన్రు. 'నాన్ ముల్కీ గో బ్యాక్' అన్నరు. దాంతోటే 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అని కూడ అన్నరు. సెప్టెంబర్ 3, 4 తారీఖులల్ల సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే పిల్లలు ప్రాణాలు ఇడిసిన్రు.

ఆ పిల్లలకు ఇడ్లీతోని ఏం పగ ఉంటది? ఉడికిన మినుపపిండి ముద్ద ఎవని కొలువు గుంజుకున్నది? ఇడ్లీ అక్కడ ఒక గుర్తు మాత్రమే. మా ఊర్ల మా కుర్సీల ఇంకొకడు వచ్చి కూసున్నడనే బాధకు దొరికిన ఒక పేరు. బాధ నిజమైంది, పేరు మాత్రం ఇడ్లీకి తగిలింది.

ఇప్పుడు పొద్దున ఆరింటికి ఏ బస్తీకన్న పోయి చూడుండ్రి. సందు మొగల ఇడ్లీ బండి ఉంటది. బండి నడిపేటాయన పాలమూరోడో, నల్లగొండోడో అయితడు. పిండి రుబ్బేది ఆయన ఇంటామె. తినేటోల్లు ఆటో డ్రైవరు, కాలేజీ పిల్ల, సఫాయి కార్మికురాలు, సెక్రటేరియట్‌కు పోయే గుమస్తా. పాతబస్తీల చార్‌కమాన్ దగ్గర గోవింద్ దోశ బండి చుట్టు పొద్దుగాల అన్ని మతాలోల్లు నిలవడి తింటరు. ముల్కీ నిబంధనల ప్రకారం పదిహేనేండ్లు ఇక్కడ ఉన్నోడు ముల్కీ. ఇడ్లీ డెబ్బై ఏండ్లకు మించే ఉన్నది. ఎప్పుడో అది ముల్కీ అయిపోయింది.

మరి ఇంక లొల్లి ఏముంది అంటరా? ఉన్నది. రెండున్నయి. ఒకటి, ఈ నగరంల ఎవలు ఎవల పక్కన కూసొని తినొచ్చు అనేది. రెండోది, ఇందరి వంటలకు జాగ ఇచ్చిన బల్ల మీద మన వంటకు జాగ ఎందుకు లేదు అనేది. ఈ రెండింటి గురించే మాట్లాడుత.

కులం అడగని బల్ల

హైదరాబాద్ 1591ల పుట్టిన ఊరు. పుట్టుడే కలగలుపుగ పుట్టింది. నిజాం రాజ్యంల పదహారు జిల్లాలుంటే ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. బేగంబజార్ల మార్వాడీలు, గుజరాతీలు. ఇంకా కాయస్తులు, అరబ్బులు, తమిళులు, పార్సీలు. గీ ఊర్ల ఎవని ఇంట్ల వాడు తింటే ఒకని రుచి ఒకనికి తెలిసేది కాదు. తెలిసింది హోటల్‌ల.

ముందుగాల ఇరానీ హోటల్. పంతొమ్మిదో శతాబ్దం ఆఖరు నుండి ఇరాన్‌ల కరువుకు, కష్టానికి తట్టుకోలేక వచ్చినోల్లు బొంబాయి, పూనా మీదుగ ఇక్కడికి చేరిన్రు. చాయ్ దుకాణాలు పెట్టిన్రు. డికాషన్ వేరే గిన్నెల మూత పెట్టి సన్నటి సెగ మీద దమ్ము చేస్తరు. పాలు వేరేగ చిక్కగ మరగవెడ్తరు. రెండు కప్పులనే కలుస్తయి. పక్కన ఉస్మానియా బిస్కెట్, ఆఖరి నిజాం పేరు మీద. పైసలు తక్కువుంటే 'వన్ బై టూ' చెప్తరు, ఒక చాయ్ ఇద్దరికి. ఒక్క చాయ్ మీద రెండు గంటలు కూసున్నా లేవుమనేటోడు లేకుండె. ఆబిద్స్‌ల ఓరియంట్ హోటల్‌ల మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు కూసున్నరు. ఆ హోటల్ ఇప్పుడు లేదు. సికింద్రాబాద్ల ప్యారడైజ్ 1953ల టాకీసు ఆవరణల ఒక చిన్న కేఫ్‌గ మొదలైంది. సికింద్రాబాద్ స్టేషన్ ముంగట ఆల్ఫా, రెడ్‌హిల్స్‌ల నీలోఫర్, చార్మినార్ కాడ నిమ్రా ఇంకా చాయ్ పోస్తనే ఉన్నయి.

ఆ పాలరాతి బల్ల గొప్పతనం చాయ్‌ల కన్న ఎక్కువ కూసునే తీరుల ఉన్నది. ఊర్లల్ల రెండు గ్లాసుల పద్ధతి నడిచిన కాలంల, ఊరి దళితుడు పట్నమొచ్చి ఇరానీ హోటల్‌ల కూసుంటే నీ కులమేందని అడిగినోడు లేడు. అదే కప్పు, అదే సాసరు. పక్కన కూసున్నది దొర కొడుకైనా సరే, జరగాల్నంటే ఆయననే జరగాలె. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలె. ఆ బల్ల కాడికి ఆడోల్లు రాలే. వస్తే పరద ఎనుక 'ఫ్యామిలీ రూం'ల కూసున్నరు. అందరి బల్ల అని మనం మెచ్చుకునేది సగం మందిదే.

మాంసం తినే రాష్ట్రంల శాకాహార హోటల్

ఇగ ఉడుపి హోటల్ సంగతి. కర్ణాటక తీరంల ఉడుపి కృష్ణ మఠం వంటశాలల పద్ధతి నుండి వచ్చిన వంటోల్లు మద్రాసు, బొంబాయి, బెంగుళూరు, హైదరాబాద్ పట్టణాలకు పోయి టిఫిన్ హోటళ్లు పెట్టిన్రు. ఆబిద్స్‌ల తాజ్‌మహల్ హోటల్‌కు పోని పాత ఉద్యోగస్తుడు ఉండడు. కామత్ పేరు తెల్వనోడు లేడు. మన ఊర్లల్ల పొద్దుగాల సద్ది తినేది. 'టిఫిన్' అనే అలవాటు మనకు పట్టణంల ఉడుపోల్లు నేర్పిందే.

ఇక్కడ ఒక లెక్క చూడుండ్రి. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణల పదిహేనేండ్లు నిండినోల్లల్ల నూటికి 98 మందికి పైగ మాంసం తినేటోల్లే. దేశంల అన్ని రాష్ట్రాల కన్న ఎక్కువ. మరి గిసొంటి రాష్ట్రం రాజధానిల ప్రతి చౌరస్తాకు ఒక శాకాహార హోటల్ ఎట్ల నడుస్తున్నది?

దీనికి రెండు జవాబులున్నయి. మొదటి జవాబు చేదు. కుల సమాజంల బ్రాహ్మణుని చేతి వంట అందరు తింటరు. కింది కులపోని చేతి వంట పైకులపోడు ముట్టడు. కాబట్టి నలుగురికి అమ్ముడు పోవాల్నంటే వంట బ్రాహ్మణుడు వండాలె, శాకాహారం కావాలె. హోటల్ యాపారం ఆ మెట్ల మీదనే నిలవడ్డది. మద్రాసుల హోటల్ బోర్డుల మీద 'బ్రాహ్మణ' అని రాసుకుంటే 1957ల పెరియార్ ట్రిప్లికేన్‌ల మురళీ కేఫ్ ముంగట ఆందోళన నడిపిండు, ఆ మాట తీసేయమని. మన రాజ్యాంగం 15వ అధికరణల దుకాణాలు, హోటళ్లు, పబ్లిక్ రెస్టారెంట్లలకు కులం, మతం పేరు మీద ఎవల్ని ఆపొద్దని ఊరికెనే రాయలే. ఆపిన్రు కాబట్టే రాసిన్రు.

రెండో జవాబు తియ్యటిది, అది కూడ నిజమే. ఒక ఆఫీసుల ఐదుగురు దోస్తులున్నరనుకోండ్రి. ఒకాయన ముస్లిం, హలాల్ చూసుకుంటడు. ఒకామె జైన్, ఎల్లిగడ్డ ముట్టది. ఒకాయన క్రైస్తవుడు. ఒకామె బ్రాహ్మణ ఇంటి పిల్ల. ఒకాయన మాదిగ ఇంటి బిడ్డ. వీళ్లు ఐదుగురు ఒక్క బల్ల మీద ఏ అనుమానం లేకుంట తినాల్నంటే ఏడికి పోతరు? దోశ దొరికే కాడికే పోతరు. మాంసం వద్దనుకొని కాదు, కలిసి కూసోవాల్ననుకొని పోతరు. అట్ల చూస్తే ఈ నగరంల శాకాహార హోటల్ అందరికి పనికొచ్చిన బల్ల. పైసలు తక్కువ, కడుపు నిండుతది, నెలాఖరున విద్యార్థికి అదే దిక్కు.

కాబట్టి శాకాహారం మీద నాకు పంచాది లేదు. ఎవని నోరు వానిది. పంచాది 'ప్యూర్' అనే మాట మీద. ఒక తిండి 'శుద్ధం' అంటే పక్కోని తిండి ఏమైనట్టు? అది తిన్నోడు ఏమైనట్టు?

ఇది ఉత్త మాటల లొల్లి అనుకోకుండ్రి. 2023ల ముంబై ఐఐటీ హాస్టల్ మెస్సుల కొన్ని బల్లలు శాకాహారులకే అని వేరు చేసిన్రు. దాన్ని ఎదిరించి అక్కడ కూసొని తిన్న విద్యార్థికి పదివేల రూపాయల జుర్మానా ఏసిన్రు. 2024 మార్చిల జొమాటో కంపెనీ శాకాహారం తెచ్చేటోల్లకు వేరే దండు, పచ్చ అంగీలు అని ప్రకటించింది. జనం గట్టిగ అడిగేసరికి తెల్లారి పచ్చ అంగీల మాట ఎనుకకు తీసుకున్నది. ఎందుకు తీసుకున్నది? ఎర్ర అంగీ వేసుకున్న పిల్లగాన్ని రేపు అపార్ట్‌మెంట్ గేటు కాడ ఆపుతరనే భయం నిజమైంది కాబట్టి. హైదరాబాద్‌ల కిరాయి ఇండ్లకు 'వెజిటేరియన్లకు మాత్రమే' అనే బోర్డు మీరందరు చూసిన్రు. ఆ బోర్డు కూర గురించి మాట్లాడదు, కులం గురించి మాట్లాడుతది. పేరు అడగలేక, కులం అడగలేక, కూర అడుగుతది.

హోటల్ బల్ల దాటి కిరాయి ఇంటిదాంక, కాలేజీ మెస్సుదాంక ఈ గీత వస్తున్నదంటే, ఇరానీ బల్ల కాడ మన తాతలు సాధించుకున్నది మన పిల్లల కాలంల పోతున్నదని లెక్క.

పచ్చిపులుసు ఏడున్నది?

ఇగ రెండో లొల్లి. ఈ ఊర్ల ఏ శాకాహార హోటల్‌లకన్న పోయి మెనూ కార్డు చదువుండ్రి. ఉడుపి దోశ ఉంటది. పన్నీర్ బటర్ మసాలా ఉంటది, దేశ విభజనల నిలువనీడ లేక ఢిల్లీకి వచ్చిన పంజాబోల్లు నిలబెట్టిన హోటళ్ల తీరు అది. గోబీ మంచూరియా ఉంటది, బొంబాయిల చైనా సంతతి వంటోల్ల చేతిల పుట్టిన తీరు. రాజస్థానీ థాలీ, గుజరాతీ థాలీ ఉంటయి. ఇన్ని దేశాల కూరల నడుమ పచ్చిపులుసు ఉంటదా? జొన్నరొట్టె ఉంటదా? సర్వపిండి, పుంటికూర పప్పు, చింతచిగురు పప్పు, మక్క గుడాలు, మలీద ముద్దలు ఉంటయా? నూటికి ఒక్క కాడ దొరుకుతయేమో.

రాష్ట్రం 2014ల వచ్చింది. ఆ తర్వాత తెలంగాణ రుచులు అని బోర్డులు వచ్చిన మాట నిజమే. అయితే అవి చాన మటుకు బగారన్నం, నాటుకోడి, మటన్, తలకాయ కూర. దావత్ తిండి. దావత్ మంచిదే. కానీ దావత్ ఏడాదికి నాలుగు దినాలు, మిగిలిన దినాలు మన తల్లులు వండింది రొట్టె, పప్పు, ఆకుకూర, తొక్కు, పచ్చిపులుసు. ఏడాదంత మనల్ని బతికిచ్చిన ఆ శాకాహారం హోటల్ గడప ఎక్కలే. 2019ల యునెస్కో హైదరాబాద్‌కు రుచుల నగరమని గుర్తింపు ఇచ్చింది. 2010ల హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషం. నవాబుల దస్తర్‌ఖాన్‌కు గౌరవం దొరికింది. కాపుదనపోల్ల, కూలోల్ల గిన్నెకు దొరకలే.

ఎందుకు? వివక్ష అని ఒక్క మాటల అనేసి చేతులు దులుపుకోవచ్చు. నేను హోటల్ వంటింట్లకు పోయి చూడుమంట. దోశపిండి ఒక్కసారి రుబ్బితే దినమంత వస్తది. గ్రేవీ ఒక్క గిన్నెల చేసి పెట్టుకుంటే పది పేర్లతోని పది కూరలు పోస్తరు. జొన్నపిండికి గోధుమపిండి లెక్క సాగే గుణం లేదు. ఉడుకు నీళ్లు పోసి కలపాలె, వెచ్చగున్నప్పుడే చేతితోని కొట్టాలె, పెంక మీద నీళ్లు తుడిచి కాల్చాలె, కాలంగనే తినాలె. సల్లారితే అట్ట లెక్క అయితది. అది చేతి పని. ఆ చేతి పని మన ఆడోల్లకు తెలుసు, హోటల్ వంటింట్ల మొగోల్లుంటరు. యాపారి ఏది సులువైతే అది పెట్టిండు.

కానీ ఆ కారణం పచ్చిపులుసుకు సరిపోదు. దానికి పొయ్యే అక్కరలేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి, కాల్చిన మిరపకాయ నలిపి, నువ్వుల పొడి, జీలకర్ర వేస్తే అయిపాయె. అయినా గిన్నెల రసం వస్తది, పచ్చిపులుసు రాదు. అంటే మనమే అడగలే. ఇంటి తిండికి బయట పైసలు పెట్టుడెందుకు అనుకున్నం. కొందరం సిగ్గువడ్డం. జొన్నలు పేదోల్ల తిండి, గట్క కూలోల్ల తిండి అని పట్నమొచ్చినంక మాట మార్చినం. 1983ల కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదోని ఇంట్ల తెల్లబువ్వ ఉడికింది, దాన్ని నేను తక్కువ చెయ్య. అయితే అన్ని కంట్రోల్ దుకాణాలల్ల బియ్యమే దొరికేసరికి జొన్న చేనుకు గిరాకీ పోయింది. చేను పోయినంక రొట్టె పోయింది.

ఆ చేనును కాపాడినోల్లు ఎవలు? జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ల డీడీఎస్ సంఘాల దళిత ఆడబిడ్డలు. జొన్న, కొర్ర, సామ విత్తనాలను కుండలల్ల దాచిన్రు. వాల్లకు 2019ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నంక గొప్పోల్ల డైటింగ్ పుస్తకాలల్లకు అవే జొన్నలు ఎక్కినయి. షుగర్ వచ్చినంక డాక్టరు చెప్తే మనోడు రొట్టె కోసం దేవులాడుతున్నడు.

రొట్టె బండి మన హోటల్

ఏడ దేవులాడుతున్నడు? ఫుట్‌పాత్ మీద. పొద్దుమూకంగ చిక్కడపల్లి, అమీర్‌పేట, కూకట్‌పల్లి దిక్కు పోండ్రి. రెండు పొయ్యిలు, ఒక పీట, ఒక పిండి బస్తా పెట్టుకొని ఆడోల్లు రొట్టెలు కొడుతుంటరు. చాన మంది పాలమూరు, నారాయణపేట, వికారాబాద్ దిక్కు నుండి బతుకుదెరువుకు వచ్చినోల్లే. ఇరానీ హోటల్‌ల లేని ఆడోల్లు, ఉడుపి వంటింట్ల లేని ఆడోల్లు ఈడ యజమానులై కూసున్నరు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు, ఐటీ పిల్లలు, ముసలోల్లు వరుస కట్టి తీస్కపోతరు. నా లెక్కల ఇదే మన అసలైన తెలంగాణ శాకాహార హోటల్. దీనికి బోర్డు లేదు, కప్పు లేదు, కుర్సీ లేదు. మున్సిపాలిటీ బండి వస్తే పీట సంకల పెట్టుకొని ఉరుకుడే.

2024 జనవరిల కుమారి ఆంటీ ముచ్చట మీకు యాదున్నది. ఆంధ్ర ప్రాంతం నుండి వచ్చిన ఆడమనిషి, ఐటీ పిల్లలకు అన్నం పెట్టి పేరు తెచ్చుకున్నది. ట్రాఫిక్ పేరు మీద పోలీసులు తీసేస్తే నగరమంత మాట్లాడింది. ముఖ్యమంత్రి జోక్యం చేసుకొని ఆమె జాగలనే ఆమెను ఉండనియ్యుమన్నడు. 1952 నినాదం నుండి ఇక్కడిదాంక ఈ ఊరు ఎంత దూరం వచ్చిందో చూడుండ్రి. అన్నం పెట్టే చెయ్యి ఏ ప్రాంతానిదని ఎవలు అడగలే. అది మన గొప్పతనం. అయితే అందరు రొట్టెలక్కల కోసం ముఖ్యమంత్రి ఫోన్ చెయ్యడు. వాల్లకు చట్టమే దిక్కు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాంక ఎవల్ని లేపొద్దు. పట్టణ వెండింగ్ కమిటీల నూటికి నలభై మందికి తక్కువ కాకుండ వ్యాపారులే ఉండాలె, వాల్లల్ల మూడో వంతు ఆడోల్లుండాలె. ఆ కమిటీ మీ సర్కిల్‌ల ఉన్నదా, కూసున్నదా అని ఎన్నడన్న అడిగినమా?

ఇగ ముగిస్త. ఉద్యోగ సంఘాల పెద్దలకు నాలుగు మాటలు. సెక్రటేరియట్‌ల, కలెక్టరేట్లల్ల, యూనివర్సిటీలల్ల క్యాంటీన్లు మన చేతిలనే ఉన్నయి. వారానికి రెండు దినాలు జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు పెట్టియ్యుండ్రి. ఆ పని రొట్టె బండ్ల ఆడోల్లకే ఇయ్యుండ్రి. నగరంల 2014ల మొదలైన ఐదు రూపాయల భోజనానికి పేర్లు ఎన్ని మారినా కడుపులు అవే. ఆ పళ్లెంల కూడ మన ధాన్యానికి జాగ అడుగుండ్రి. విద్యార్థి తమ్ములు, చెల్లెండ్లు, మీ మెస్సుల ఎవడన్న బల్లలు వేరు చేస్తే ఆ దినమే అడుగుండ్రి, తెల్లారిదాంక ఆగకుండ్రి. కిరాయి ఇంటి ఓనర్లు ఇక్కడుంటే, ఆ బోర్డు ఈ రాత్రే తీసెయ్యుండ్రి.

2011 జూన్ 19న ఈ పట్నం రోడ్ల మీద వంటావార్పు చేసినం. రాళ్లు పెట్టి పొయ్యి ముట్టిచ్చినం. పక్కన కూసున్నోడు ఏ కులపోడో, ఏ మతపోడో, వాడు ఇంట్ల ఏం తింటడో ఎవలన్న అడిగిన్రా? అడగలే. వడ్డిచ్చింది అందరు తిన్నరు. రోడ్డు మీద చెయ్యగలిగింది హోటల్‌ల చెయ్యలేమా?

ఎవని పళ్లెం గుంజుకునుడు మనకు రాదు. మన పళ్లెం కూడ బల్ల మీద పెట్టాలె, ఆ బల్ల కాడ అందరు కూసోవాలె. అంతే అడుగుతున్న.